“సరిపడలేదు” అన్న మాట చట్టంలోకి ఎలా వచ్చింది?



“మాకు సరిపడలేదండి.” ఒకప్పుడు ఈ మాట పట్నాల్లోనే వినబడేది. ఇప్పుడు మన పల్లెల్లో కూడా వింటున్నాం. కొట్టాడా అని పెద్దలు అడిగితే, లేదంటారు. తాగుతాడా అంటే, లేదంటారు. ఇంకెవరితోనైనా సంబంధం ఉందా అంటే, అయ్యో అదేమీ లేదంటారు. మరి ఏమిటమ్మా అంటే, “సరిపడలేదు” అని తల దించుకుంటారు. ఆ మాట విన్న పెద్దలకు కోపం వస్తుంది. ఇదీ ఒక కారణమేనా, మా రోజుల్లో ఎవరికి సరిపడింది గనుక అంటారు.

ఈ వారం ఆ మాట తప్పో ఒప్పో తేల్చాలని మేము కూర్చోలేదు. దాని చరిత్ర మీ ముందు పెట్టాలనుకున్నాం. ఎందుకంటే మనలో చాలామంది, ఇది లోకము చెడిపోయి తెచ్చుకున్న మాట అనీ, భక్తి తగ్గి, చట్టాలు వదులై, ఎవరి తప్పూ చూపకుండా విడాకులిచ్చే రోజులు వచ్చాయనీ అనుకుంటున్నారు. అందులో కొంత నిజముంది. కానీ చరిత్ర తెరచి చూస్తే ఇంకొక సంగతి కనబడుతుంది. తప్పు నిరూపిస్తేనే విడాకులు అన్న చట్టం, దేవుని పేరట ప్రమాణము చేయించి మరీ మనుష్యులచేత అబద్ధమాడించింది. ఆ అబద్ధాన్ని మాన్పించాలన్న ఆలోచన కోర్టుల్లోనే కాదు, సంఘము లోపల నుండి కూడా పుట్టింది. ఓపికతో చదవండి.

ప్రభువు ముందుకు వచ్చిన ప్రశ్న

కారణము చెప్పనక్కరలేని విడాకులు కొత్తవి కావు. మత్తయి సువార్త 19వ అధ్యాయములో పరిసయ్యులు ప్రభువును శోధించుటకు వచ్చి అడిగినది అదే. ఏ కారణము చేతనైనా భార్యను విడిచిపెట్టవచ్చునా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న వెనుక యూదుల ధర్మశాస్త్ర బోధకుల మధ్య ఒక పెద్ద వాదము ఉంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో పరిత్యాగ పత్రిక మాట వస్తుంది గదా, దాన్ని ఎప్పుడు వ్రాసి ఇవ్వవచ్చు? షమ్మయి పక్షమువారు, నడతలో సిగ్గుమాలిన పని ఉంటే తప్ప వీల్లేదన్నారు. హిల్లేలు పక్షమువారు, భోజనము పాడుచేసినా చాలునన్నారు. తరువాతి తరములో అకీబా అనే బోధకుడు, ఆమెకన్న అందమైనది కనబడినా చాలునన్నాడు. ఇవన్నీ యూదుల మిష్నా గ్రంథములో వ్రాయబడి ఉన్నవి.

ఒక్క సంగతి గమనించండి. ఆ పత్రిక వ్రాసే చెయ్యి ఎప్పుడూ పురుషుడిదే. కూర మాడితే అతడు వ్రాయవచ్చు. అతడు ఎంత మాడ్చినా ఆమె వ్రాయలేదు. కారణము అడగని ఆ విడాకుల్లో బయటికి పోయేది ఒక్కరే, తలుపు దగ్గర నిలబడి పంపేది ఒక్కరే. ప్రభువు జవాబు చెప్పినప్పుడు ఆ రెండు పక్షాల మధ్య తీర్పరిగా కూర్చోలేదు. ఆదికాండమునకు, దేవుడు ఇద్దరినీ ఏకశరీరముగా చేసిన దినమునకు, వారిని తీసుకుపోయాడు. మోషే అనుమతి ఇచ్చింది మీ హృదయ కాఠిన్యమును బట్టి అన్నాడు. వివాహము గొప్పదని ఆ జవాబు చెబుతుంది, వీధిపాలైన ఆ స్త్రీ పక్షమున కూడా నిలబడుతుంది. ఈ రెండూ కలిపి చదవకపోతే ఆ అధ్యాయము సగమే చదివినట్టు.

భార్య విడిచిపోయిన ఒక కవి

ఇప్పుడు 1600 ఏండ్లు దాటి ఇంగ్లండుకు పోదాం. పరదైసు నష్టమైన సంగతిని మహాకావ్యముగా వ్రాసిన జాన్ మిల్టన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ కావ్యానికి చాలా ముందు, 1642లో, ఆయనకు మేరీ పావెల్ అనే అమ్మాయితో వివాహమైంది. ఆయనకు 33 ఏండ్లు, ఆమెకు 17. ఆయన ఎప్పుడూ పుస్తకాల్లో మునిగి ఉండే మనిషి. ఆమె సందడిగా ఉండే పెద్ద ఇంటి పిల్ల. నెల గడిచీ గడవకముందే ఆమె పుట్టింటికి పోయింది, తిరిగి రాలేదు.

అప్పటి ఇంగ్లండులో వివాహ వ్యాజ్యాలు సంఘ న్యాయస్థానాల చేతిలో ఉండేవి. వ్యభిచారమో క్రూరత్వమో నిరూపిస్తే వేరుగా బ్రతకమనేవారు, అంతే. మళ్ళీ పెండ్లికి వీలు లేదు. 1643లో మిల్టన్ విడాకుల సిద్ధాంతం మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. దేవుడు వివాహమును నియమించుటకు మొదట చెప్పిన కారణము నరుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదని గదా, అయితే ఇద్దరి మనస్సులు ఏనాడూ కలవని చోట ఆ ఒంటరితనం పోకపోగా రెట్టింపవుతుంది గదా అన్నాడు. శరీరము తప్పుచేస్తే వివాహము తెగుతుందంటున్నారు, మనస్సు అసలే కలవకపోతే అది అంతకంటె పెద్ద లోటు కాదా అని వాదించాడు. “సరిపడలేదు” అన్న మాటను విశ్వాసియైన ఒక మనిషి బైబిలు చేత పట్టుకొని అంత గట్టిగా వాదించడం అప్పటివారికి మింగుడుపడలేదు. ఆయన తోటి ప్రొటెస్టంటులే ఆ పుస్తకాన్ని తిట్టిపోశారు.

1645లో మేరీ తిరిగి వచ్చింది. వారికి నలుగురు పిల్లలు కలిగారు. 1652లో ఆఖరి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూసింది. ఇది చూసి, ఓపిక పడితే అందరూ కలుస్తారని చెప్పడం మా ఉద్దేశం కాదు. అందరూ కలవరు. పైగా ఆ వాదములో పెద్ద లోటొకటి ఉంది. మిల్టన్ పుస్తకములో మిల్టన్ ఒంటరితనం ఉంది, పదిహేడేళ్ళ మేరీ ఒంటరితనం లేదు. ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో ఆమె మాటల్లో ఎక్కడా లేదు. “సరిపడలేదు” అన్న మాట ఒక్క నోటి నుండి వచ్చినప్పుడు రెండవ నోరు ఏమంటున్నదో అడగాలని ఈ కథ మనకు నేర్పుతుంది.

మన చట్టము పుట్టుక

ఇంగ్లండులో 1857 వరకు, తిరిగి పెండ్లాడే హక్కుతో విడాకులు కావాలంటే పార్లమెంటు ఒక్కొక్కరికి ఒక్కొక్క చట్టం చేయవలసి వచ్చేది. అంత ఖర్చు పెట్టగలిగినది ధనవంతులే. 1857లో చేసిన చట్టం ఆ పనిని కోర్టుకు అప్పగించింది. భర్త అయితే భార్య వ్యభిచారమును నిరూపిస్తే చాలు. భార్య అయితే భర్త వ్యభిచారము చాలదు, దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్ళకు పైగా విడిచిపెట్టడమో, మరింత ఘోరమైనదో నిరూపించాలి.

అదే అచ్చును తెచ్చి 1869లో మన దేశములోని క్రైస్తవులకు ఇండియన్ డైవోర్స్ యాక్టుగా ఇచ్చారు. అంటే మన ముత్తవ్వల కాలం నుండి మన అమ్మల కాలం వరకు, భర్త రోజూ కొడుతున్నాడని మాత్రమే చెప్పిన క్రైస్తవ స్త్రీకి ఆ చట్టం కింద విడాకులు లేవు. వేరుగా ఉండమనే ఉత్తర్వు వచ్చేది. భర్త వేరే స్త్రీతో ఉన్నాడని మాత్రమే నిరూపించినా అంతే. రెండూ కలిపి నిరూపించాలి. ఇంకొకటి చెబితే ఆశ్చర్యపోతారు. భార్యతో తప్పు చేసినవాని దగ్గర భర్త నష్టపరిహారం కోరే సెక్షను కూడా అందులో ఉండేది. పొలములో పశువు పడి మేస్తే బందెలదొడ్డి దగ్గర డబ్బు అడిగినట్టు!

దానికి మూడేళ్ళ ముందే, 1866లో, మరొక చిన్న చట్టం వచ్చిందని చాలామందికి తెలియదు. హిందూ కుటుంబములో నుండి ఒక్కరే క్రీస్తును అంగీకరించి, ఆ కారణాన భార్యగాని భర్తగాని విడిచిపోతే ఏమి చేయాలన్నది దాని విషయము. 1 కొరింథీయులకు 7వ అధ్యాయములో పౌలుగారు వ్రాసిన పరిస్థితి అదే. ఆ చట్టం కింద వ్యభిచారము నిరూపించనక్కరలేదు. విడిచిపోయినవారిని కోర్టుకు పిలిపించి, కలిసి ఉంటారా అని అడిగి, ఒప్పుకోకపోతే ఒక ఏడాది గడువిచ్చి, ఆ తరువాత మళ్ళీ అడిగేవారు. అప్పటికీ కాదంటే వివాహము రద్దు. పాపము మోపకుండా, తొందరపడకుండా, అడిగి, ఆగి, మళ్ళీ అడగడం. ఈ పద్ధతిని గుర్తు పెట్టుకోండి. నూటముప్పై అయిదేళ్ళ తరువాత ఇలాంటిదే మరొక దారిన మన దగ్గరికి వచ్చింది.

ప్రమాణము చేసి చెప్పిన అబద్ధాలు

1857, 1869 చట్టాల్లో ఒక విచిత్రముంది. దంపతులిద్దరూ మాట్లాడుకొని, మనం కలిసి బ్రతకలేము, గౌరవముగా విడిపోదామని ఒక మాట మీదికి వస్తే, ఆ ఒప్పందమే వారికి అడ్డు. కోర్టు దాన్ని కుమ్మక్కు అనేది. కుమ్మక్కు ఉందని తేలితే అర్జీ కొట్టివేయాలి. శత్రువులుగా వస్తే తలుపు తెరిచేవారు, సమాధానముగా వస్తే మూసేవారు.

దాని ఫలితము ఇంగ్లండులో ఏమైందో చూడండి. విడిపోవాలనుకున్న మర్యాదస్థుడు భార్య మీద నింద వేయడం ఇష్టం లేక నింద తనమీదే వేసుకొనేవాడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఏదో హోటల్లో గది తీసుకొని, డబ్బిచ్చి ఒక స్త్రీని పిలిపించి, తెల్లవారేదాక పేకాట ఆడుతూ కూర్చుని, పనిమనిషి ఉదయం టీ తెచ్చినప్పుడు ఇద్దరూ గదిలో కనబడేటట్టు చూసుకొనేవాడు. ఆ పనిమనిషి కోర్టులో బైబిలు మీద చెయ్యి వేసి, చూశానని సాక్ష్యం చెప్పేది. జరగని పాపానికి సాక్ష్యం, ప్రమాణం, బిల్లు! ఏ. పి. హెర్బర్ట్ అనే రచయిత ఈ తతంగమంతా 1934లో ఒక నవలగా వ్రాశాడు. తరువాత ఆయనే పార్లమెంటు సభ్యుడై 1937లో చట్టం మార్పించాడు. అప్పటి నుండి అక్కడ క్రూరత్వము, విడిచిపెట్టడము, నయము కాని మతిభ్రమణము కూడా కారణాలయ్యాయి. స్త్రీ పురుషులకు ఒకే కొలత అన్నది అక్కడ 1923లోనే వచ్చేసింది.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం 1960ల నడిమి దాకా వ్యభిచారము తప్ప వేరే కారణం ఒప్పుకోలేదు. అక్కడా హోటలు గదులే, అద్దె స్త్రీలే, ఫొటోలు తీసేవాళ్ళే. డబ్బున్నవారు రైలెక్కి నెవాడాలోని రీనో పట్టణానికి పోయి, 1931 తరువాత అయితే ఆరు వారాలు అక్కడ కాపురమున్నామని చెప్పి విడాకులు తెచ్చుకొనేవారు. డబ్బు లేనివారు అబద్ధమైనా ఆడాలి, లేదా ఊరుకోవాలి.

అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్నది తొమ్మిదవ ఆజ్ఞ. ఏడవ ఆజ్ఞను కాపాడాలని కట్టిన గోడ తొమ్మిదవ ఆజ్ఞను రోజూ తొక్కించింది. తప్పు అడగని విడాకుల చరిత్రలో మా మనస్సును ఎక్కువగా పట్టుకున్న సంగతి ఇదే.

గోడను సంఘమే తట్టింది

“సరిపడకపోవడం” అన్న మాటను ఒక కారణముగా తన చట్టంలో వ్రాసుకున్న మొదటి అమెరికా రాష్ట్రం న్యూ మెక్సికో. ఆ సంవత్సరం 1933. కానీ పెద్ద మార్పు 1960ల్లో వచ్చింది. అందులో ఒక అడుగు వేసింది సంఘమే.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు మైకేల్ రామ్సే గారు ఏర్పాటు చేసిన ఒక బృందము ఎక్సెటర్ బిషప్పు రాబర్ట్ మార్టిమర్ గారి అధ్యక్షతన కూర్చుని 1966లో ఒక నివేదిక ఇచ్చింది. సంఘము లోపల వివాహము విషయమై మన బోధ మారదు, అయితే దేశపు చట్టం ఎవరు పాపి అని వెదకడం మాని ఈ వివాహము బ్రతికి ఉందా చచ్చిపోయిందా అని అడగాలి అన్నది దాని సారాంశము. కోర్టు ఆ సంగతిని నిజముగా విచారించాలని కూడా వారు కోరారు. దాని తరువాత 1969లో ఇంగ్లండు చట్టం మారింది, 1971 జనవరి 1 నుండి అమలైంది. అదే 1969లో కాలిఫోర్నియా గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకము చేసిన చట్టం, 1970 జనవరి 1 నుండి భార్యాభర్తల మధ్య తీరని భేదాలను కారణముగా ఒప్పుకుంది. తప్పు ఎవరిదో చెప్పనక్కరలేదు. తరువాత ఒక్కొక్క రాష్ట్రం అదే దారి పట్టింది. అన్నిటికంటె చివరగా 2010లో న్యూయార్కు ఒప్పుకుంది.

ఇంగ్లండు మాత్రం 1969లో సగం దూరమే నడిచింది. త్వరగా విడిపోవాలంటే ఎదుటివారి నడవడి భరించరానిదని చూపవలసే వచ్చేది. 2018లో ఒక వృద్ధ స్త్రీ, నలభై ఏండ్ల కాపురములో నాకు సంతోషము లేదని అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. భర్త ఒప్పుకోలేదు, చట్టం ప్రకారం కారణం చాలదని అర్జీ కొట్టివేశారు. తీర్పు చెప్పిన న్యాయమూర్తులే, ఇది మాకు సంతోషము కలిగించే తీర్పు కాదు, చట్టం మార్చవలసినది పార్లమెంటు అన్నారు. 2020లో పార్లమెంటు మార్చింది. 2022 ఏప్రిల్ 6 నుండి అక్కడ తప్పు మోపే పని లేదు.

ఈ మార్పు వల్ల అంతా మేలే జరిగిందని మేము అనము. అబద్ధ సాక్ష్యము పోయింది, అది మేలు. భర్త చేతిలో దెబ్బలు తింటూ, దానికి సాక్షి లేక, బయటపడలేని స్త్రీకి తలుపు తెరుచుకుంది, అది ఇంకా పెద్ద మేలు. కానీ విడిపోవడం ఇష్టంలేని మనిషికి అడ్డుచెప్పే బలం తగ్గింది. ఇరవై ఏండ్లు ఇంటికి చాకిరీ చేసి, చేతిలో ఉద్యోగం లేని భార్య, తప్పు లేకుండానే దారిలో పడవచ్చు. హిల్లేలు పక్షమువారి కాలంలో మాడిన కూర చేసిన పని ఈ కాలంలో “సరిపడలేదు” అన్న మాట చేయవచ్చు. అందుకే తప్పు అడగని చట్టం ఉన్న చోట ఆస్తి పంపకము, భరణము, పిల్లల సంగతి అంత జాగ్రత్తగా చూడాలి.

మన దేశములో నిలిచిపోయిన గడియారము

ఇంగ్లండు ఇన్నిసార్లు మారినా, వారు మనకిచ్చిన 1869 చట్టం మాత్రం కదలలేదు. 1954లో వచ్చిన ప్రత్యేక వివాహ చట్టం పరస్పర అంగీకారంతో విడాకులను ఒప్పుకుంది. 1976లో హిందూ వివాహ చట్టములోనూ ఆ మాట చేరింది. చర్చిలో పెండ్లి చేసుకున్నవారికి మాత్రం అదే పాత గోడ.

1985లో ఆ గోడ ముందు ఒక స్త్రీ నిలబడింది. మేఘాలయకు చెందిన ఖాసీ క్రైస్తవురాలు, భర్త సిక్కు. క్రైస్తవ వివాహ చట్టము కింద పెండ్లి అయింది. కాపురం నిలవలేదు. ఢిల్లీ హైకోర్టు వేరుగా ఉండమనే ఉత్తర్వు మాత్రమే ఇవ్వగలిగింది. సుప్రీంకోర్టులో ఆ తీర్పు వ్రాసినది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. ఈ వివాహము ఎప్పుడో చచ్చిపోయిందని ఆయనకు కనబడింది. అయినా వివాహము పూర్తిగా విరిగిపోయిందన్న కారణముగానీ, పరస్పర అంగీకారముగానీ ఆ చట్టములో లేవు. దారి లేని వివాహములో చిక్కుకున్న దంపతులకు చట్టం దారి చూపాలని వ్రాసి, ఆ ఉత్తర్వు ప్రతిని న్యాయ మంత్రిత్వ శాఖకు పంపమన్నారు.

అప్పుడు కూడా పార్లమెంటు కదలడానికి పదహారేళ్ళు పట్టింది. ఈలోగా 1995లో కేరళ హైకోర్టు, భార్యకు ఒక కొలత భర్తకు ఒక కొలత పెట్టిన మాటలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టివేసింది. క్రైస్తవ స్త్రీలూ, సంఘాల నాయకులూ, న్యాయవాదులూ ఏండ్ల తరబడి అడిగారు. చివరికి 2001లో చట్టం సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 3 నుండి అమలైంది. పేరులో ఉన్న “ఇండియన్” అన్న మాట కూడా తీసివేశారు. భార్యకూ భర్తకూ కారణాలు ఒక్కటే అయ్యాయి. క్రూరత్వము ఒక్కటే చాలు, విడిచిపోవడం ఒక్కటే చాలు. జిల్లా కోర్టు ఇచ్చిన విడాకులను హైకోర్టు మళ్ళీ ఖాయపరచాలన్న పాత నియమం పోయింది. ఆ నియమం వల్ల ఏండ్లకు ఏండ్లు ఎదురుచూసినవారు ఉన్నారు. వ్యాజ్యం నడిచే రోజుల్లో భార్యకిచ్చే భరణం భర్త ఆదాయములో అయిదవ వంతు దాటకూడదన్న పరిమితి కూడా పోయింది.

వీటన్నిటితోపాటు 10ఏ అనే సెక్షను చేరింది. దంపతులు వేరుగా ఉంటూ, ఇక కలిసి బ్రతకలేమని ఇద్దరూ ఒప్పుకొని, ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. ఆరు నెలలు ఆగాలి. ఆ తరువాత, పద్దెనిమిది నెలల లోపల ఇద్దరూ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. అడిగి, ఆగి, మళ్ళీ అడగడం! వేరుగా ఉండవలసిన కాలాన్ని చట్టం రెండేళ్ళుగా వ్రాసింది. తక్కిన మతాలవారికి ఏడాదే గదా, క్రైస్తవులకు రెండేళ్ళెందుకని 2010లో కేరళ హైకోర్టు దాన్ని ఏడాదిగా చదవాలన్నది.

1869లో ఇద్దరూ ఒక మాట మీద ఉంటే మూసుకున్న తలుపు, 2001 తరువాత అదే మాటకు తెరుచుకుంది. మార్పు అంతా ఇందులో ఉంది.

ఇప్పుడు మనమెక్కడున్నాం

చదివేవారికి సందేహము ఉండకూడదు గనుక స్పష్టముగా వ్రాస్తున్నాం. మన క్రైస్తవ విడాకుల చట్టములో “సరిపడలేదు” అని ఒక్కరే వెళ్ళి చెబితే విడాకులు రావు. ఇద్దరూ ఒప్పుకోవాలి, లేదా చట్టములో చెప్పిన కారణము ఒకటి నిరూపించాలి. వివాహము పూర్తిగా విరిగిపోయిందన్న మాటను హిందూ వివాహ చట్టములోనూ ప్రత్యేక వివాహ చట్టములోనూ చేర్చాలని ఒక బిల్లు 2013లో రాజ్యసభ దాటింది గానీ చట్టం కాలేదు. 2023 మే 1న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలా విరిగిపోయిన వివాహాన్ని సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారంతో రద్దుచేయవచ్చన్నది. అయితే అది ఎవరూ హక్కుగా అడిగేది కాదనీ చెప్పింది.

ఇంకొక మాట చాలా ముఖ్యము. సంఘ పెద్దలు వ్రాసిచ్చిన కాగితం విడాకులు కావు. చర్చి ట్రిబ్యునలు రద్దు చేసిన వివాహము దేశపు చట్టం దృష్టిలో రద్దు కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, 2017లో మళ్ళీ చెప్పింది. బిషప్పుల ట్రిబ్యునలు కాగితానికే విలువ లేకపోతే, రచ్చబండ మీద స్టాంపు పేపరు కొని నలుగురు సంతకాలు పెట్టినదానికి ఏమి విలువ? అయినా మన ఊళ్ళల్లో ఇది ఆగలేదు. అతడు ఆ కాగితం పట్టుకొని వేరే ఊళ్ళో ఇంకొకరిని చేసుకుంటాడు. ఆ రెండవ పెండ్లి చెల్లదు, రెండవ అమ్మాయి బ్రతుకు పాడు. మొదటి ఆమెకు భరణం లేదు, పిల్లల సంగతి ఎవరూ వ్రాయలేదు, తిరిగి పెండ్లాడే హక్కూ లేదు. “సరిపడలేదు” అన్న ఒక్క మాటకు ముగ్గురు నలుగురు బలి.

కాబట్టి పెద్దలారా, ఆ మాట మీ ముందుకు వచ్చినప్పుడు రెండు సంగతులు చూడండి.

మొదటిది, అది నిజమేనా. కొన్ని ఇండ్లలో “సరిపడలేదు” అంటే దెబ్బలు తింటున్నానని అర్థము. అమ్మాయి సిగ్గుతో చెప్పలేక ఆ మాట వెనుక దాక్కుంటుంది. అలాంటప్పుడు సర్దుకుపొమ్మని పంపితే ఆమెను దెబ్బలకే పంపినట్టు. సంఘములోని పెద్ద వయస్సు అక్కలను ఆమె దగ్గర కూర్చోబెట్టండి, ఒంటరిగా మాట్లాడనివ్వండి. మరికొన్ని ఇండ్లలో “సరిపడలేదు” అంటే ఇంకొకరు దొరికారని అర్థము. అక్కడ ఆ మాట ముసుగు. ఆ ముసుగుకు సంఘము నీడ ఇవ్వకూడదు. ఇంకొన్ని ఇండ్లలో పెండ్లికి ముందు ఒక్కసారైనా మాట్లాడుకోనివ్వకుండా మనమే కట్టబెట్టాం. అక్కడ ఆ మాట పెద్దల మీద ఫిర్యాదు. చట్టానికి ఈ మూడూ ఒక్కటే కావచ్చు. మనకు కాదు.

రెండవది, ఒప్పుకున్నానని చెప్పిన ఆ రెండవ మనిషి నిజముగా ఒప్పుకున్నదా. పుట్టింటివారు బరువనుకొని, అత్తింటివారు బెదిరించి, పెద్దలు తొందరపెట్టి పెట్టించిన సంతకము అంగీకారము కాదు. చట్టం పెట్టిన ఆ ఆరు నెలలను వట్టి వాయిదాగా చూడకండి. ఆ నెలల్లో సంఘము ఆ ఇంటికి పోవాలి. కలిసే దారి ఉంటే ఇద్దరితో కూర్చొని మాట్లాడాలి, లేకపోతే భరణము, పిల్లల చదువు, పెండ్లికి పెట్టిన బంగారము, సామాను ఏమవుతాయో కాగితం మీదికి వచ్చేదాకా చూడాలి. మలాకీ 2వ అధ్యాయములో ప్రవక్త విడనాడుటను గూర్చి అంత కోపముగా మాట్లాడింది యౌవనకాలపు భార్యకు జరిగిన ద్రోహమును చూసి. ఆ కోపము మనకూ ఉంటే అది ఆమెకు అన్నము పెట్టే పనిలో కనబడాలి.

చివరిగా సంఘమంతటికీ ఒక మనవి. ఎవరి తప్పు అని అడగడం కోర్టు మానేసింది. మనం మానలేదు. విడాకులైన సహోదరి ఆదివారం వచ్చి వెనుక బల్ల మీద కూర్చుంటే, మన కళ్ళు ఆమె మీద విచారణ మొదలుపెడతాయి. ఆమెలో ఏదో ఉండి ఉంటుందంటాం. హోటలు గదిలో టీ తెచ్చిన పనిమనిషి చూడనిదాన్ని చూశానని సాక్ష్యం చెప్పింది, ఆమెకు కనీసం కూలి ముట్టింది. మనం కూలి లేకుండానే చెబుతున్నాం.

వివాహము దేవుడు జతపరచినదని నమ్ముదాం, పిల్లలకు నేర్పుదాం, పెండ్లికి ముందే ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించుదాం. అది తెగిపోయిన ఇంటి మీద మాత్రం అబద్ధ సాక్ష్యము పలుకకుండా ఉందాం. ఈ వారం మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి ఉంటే, ఏమైందని అడగకుండా, ఎలా ఉన్నారని అడిగి రండి.

ప్రభువు మన గృహములను కాపాడును గాక. ఆమేన్.